క్లాసుకు మోసుకెళ్ళే మిషన్

శనివారం

రేపటి బొంతల క్లాసుకు సామాను సర్దుతుంటే పొద్దుట్నుంచీ మిషన్ల గురించే ఆలోచన. కొత్తగా చేరేవాళ్ళు ముందు అడిగే మాట, "అక్కా, తేలిగ్గా ఉండేది ఏది కొనమంటావు?" అని. న్యాయమైన ప్రశ్నే. మెట్లెక్కాలి, ఆటోలో ఒళ్ళో పెట్టుకోవాలి. కానీ కిలోలు మాత్రమే చూసి కొంటే నెల తిరక్కుండా ఆ మిషన్ అటకెక్కుతుంది. క్లాసు మిషన్‌లో ముందు చూడాల్సింది గుడ్డ అంచుకు పావు అంగుళం లోపల కుట్టు నికరంగా పడుతుందా లేదా అన్నది. బరువు రెండోది.

ఇళ్ళల్లో ఉండే నల్ల మిషన్ హెడ్ పోత ఇనుముది, అదొక్కటే పది కిలోలు దాటుతుంది. కుట్టు బంగారంలా పడుతుంది గానీ మోయలేం. రెండో కొసన రెండు కిలోల బొమ్మలాంటి చిన్న మిషన్లున్నాయి. పలచటి గుడ్డ రెండు పొరలు కుడతాయి, అంతే. కింద గుడ్డ, మధ్య దూది పొర, పైన అతుకులు కలిసే చోటు వచ్చేసరికి మోటారు మూలుగుతుంది, సూది ఆగిపోతుంది. మిషన్‌కు బరువు లేకపోతే వేగం పెంచగానే బల్ల మీద జరుగుతూ కూడా పోతుంది. లోపల లోహపు చట్రం ఉండి, అయిదారు కిలోల మధ్య తూగేదే క్లాసుకు సరైనది.

పావు అంగుళం మీద ఇంత పట్టుదల ఎందుకంటే లెక్క ఇదీ. 16 ముక్కల వరసలో 15 అతుకులుంటాయి. ప్రతి అతుకులోనూ కుట్టు అంగుళంలో 16వ వంతు ఎక్కువ లోపలికి పడిందనుకుందాం. రెండు వైపుల ముక్కలూ చెరో 16వ వంతు పోగొట్టుకుంటాయి, అంటే అతుక్కి 8వ వంతు. వరస చివరికొచ్చేసరికి దాదాపు రెండంగుళాలు మాయం. క్లాసులో తలా ఒక వరస కుట్టి కలిపేటప్పుడు ఇదే గొడవ. గుడ్డ సాగిందని అందరూ అంటారు, తప్పు మాత్రం కుట్టుది.

షాపులోనే తేల్చుకోవచ్చు. అంగుళంన్నర వెడల్పుతో మూడు పట్టీలు కత్తిరించి పట్టుకెళ్ళాలి. ఆ మిషన్ మీదే పక్కపక్కన అతుకు కుట్టి, గోటితో గట్టిగా మడతలు గీసి కొలవాలి. మధ్య పట్టీ సరిగ్గా ఒక అంగుళం, మొత్తం మూడున్నర రావాలి. మధ్యది తగ్గితే కుట్టు ఎక్కువ లోపలికి పడుతోందన్నమాట. మడతలో కాస్త గుడ్డ పోతుంది కాబట్టి పావు కంటే ఒక దారమంత తక్కువే పెట్టాలి. సూదిని కుడికీ ఎడమకీ జరుపుకునే వీలున్న మిషన్ అయితే ఈ సవరణ క్షణాల పని. లేకపోతే సూది దిగే రంధ్రమున్న ప్లేటు మీద మాస్కింగ్ టేపు అంటించి గీతగా వాడుకోవాలి.

ఆ పట్టీలతోపాటు కుట్టాల్సిన అసలు సరుకు కూడా ఉండాలి. రెండు కాటన్ గుడ్డలు, మధ్యలో దూది పొర, ఒకచోట నాలుగు అతుకులు కలిసే ముక్క. పెడల్ మెల్లగా నొక్కి ఆ దిమ్మ మీదకు ఎక్కించాలి. సూది తడబడకుండా ఒక్కో కుట్టూ వేసుకుంటూ దాటితే పనికొస్తుంది. షాపువాళ్ళు చూపించే గట్టి గుడ్డ ముక్క మీద ఏ మిషనైనా బాగానే కుడుతుంది.

సూది ప్లేటు సంగతి చాలామంది పట్టించుకోరు. సూది అటూ ఇటూ ఊగుతూ వంకర కుట్టు వేసే జిగ్‌జాగ్ మిషన్లలో ప్లేటు రంధ్రం వెడల్పుగా ఉంటుంది. త్రికోణం ముక్క కొసతో మొదలుపెడితే ఆ కొస రంధ్రంలోకి జారి, దారంతో ముడిపడిపోతుంది. పాత నేత చీరల గుడ్డ మెత్తన కాబట్టి మరీను. ఒకే చిన్న రంధ్రమున్న ప్లేటు విడిగా దొరికితే కొనాలి, అది బిగించినప్పుడు జిగ్‌జాగ్ వేస్తే సూది విరుగుతుంది. ప్లేటు దొరక్కపోతే పనికిరాని ముక్క మీద నాలుగు కుట్లు వేసి, దారం తెంపకుండా అసలు ముక్కను వెనకే తగిలించాలి. చీర గుడ్డకు గంజి పెట్టి ఇస్త్రీ చేశాకే కత్తిరిస్తే సగం బాధ తీరుతుంది.

సింగర్ 221 గురించి ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు. 1933లో వచ్చిన అల్యూమినియం మిషన్, దాదాపు అయిదు కిలోలు. తిన్నని కుట్టు తప్ప ఇంకోటి వేయదు. ఆ ఒక్క కుట్టు కోసమే అమెరికాలో బొంతలు కుట్టేవాళ్ళు దాన్ని ఇప్పటికీ క్లాసులకు తీసుకెళ్తారు. అక్కడున్న మనవాళ్ళు సెకండ్‌హ్యాండ్‌లో కొని ఇక్కడికి తెస్తామంటే మాత్రం మోటారు దగ్గరి పట్టీ మీద వోల్టేజి చదవమని చెప్పాలి. 110 వోల్టుల మోటారును మన 230కి తగిలిస్తే కాలిపోతుంది. ట్రాన్స్‌ఫార్మర్ జత చేస్తే తేలిక మిషన్ కొన్న లాభం పోతుంది. నూనె వేయాల్సిన చోట్ల కుట్టు మిషన్ నూనే వేయాలి. కొబ్బరినూనె వేస్తే చలికాలం గడ్డకట్టి జిగురై, చక్రం తిరగదు.

కింద దారం చుట్టి ఉండే బాబిన్ పైనుంచి వేసేదైతే క్లాసులో సుఖం. పారదర్శకమైన మూతలోంచి దారం ఎంత మిగిలిందో కనిపిస్తుంది. ఒక్క జాగ్రత్త: పక్కవాళ్ళ బాబిన్ అరువు తీసుకోకూడదు. చూడ్డానికి ఒకేలా ఉన్నా ఎత్తులో తేడా ఉంటే కింద కుట్టు వదులవుతుంది. అలాగే గుడ్డ కింద దారం ఉండలు కట్టిందంటే అందరూ బాబిన్‌నే తిడతారు. నూటికి తొంభై పాళ్ళు పైదారం దాన్ని బిగించి పట్టే టెన్షన్ బిళ్ళల మధ్యకు దిగకపోవడమే కారణం. గుడ్డను నొక్కిపట్టే ఫుట్ ఎత్తి ఉంచి దారం ఎక్కిస్తే బిళ్ళలు తెరుచుకుంటాయి.

చిన్న మిషన్‌తో పెద్ద బొంత మొత్తం కుట్టాలని చూడొద్దు. సూదికీ కుడివైపు స్తంభానికీ మధ్య ఆరు, ఆరున్నర అంగుళాలకు మించి చోటుండదు, మంచమంత బొంత చుట్ట అందులో ఇరుక్కుంటుంది. క్లాసులో అతుకులు, గజంలోపు నమూనాలు చాలు. పై పొరను కూడా జరిపే వాకింగ్ ఫుట్ తగిలించడానికి వీలుందా, గుడ్డను కిందనుంచి జరిపే పళ్ళు కిందికి దించే మీట ఉందా, ఆపినప్పుడు సూది గుడ్డలోనే ఆగేలా పెట్టుకోవచ్చా అన్నవి కొనేముందే అడగాలి. కుట్టు పొడవు అతుకులకు 2 నుంచి 2.5 మిల్లీమీటర్లు, పొరలు కలిపి కుట్టేటప్పుడు 3. సూది అతుకులకు 11 లేదా 12 నంబరు, పొరలకు 14.

సంచిలో పెట్టేముందు ఫుట్ కింద గుడ్డ ముక్క మడిచి, సూది అందులోకి దించి, ఫుట్ వేసేయాలి. దారం రీలు తీసేయాలి, లేకపోతే కుదుపుకు ఆ పుల్ల విరుగుతుంది. నిలబెట్టే తీసుకెళ్ళాలి. ఆటో అడుగున పెడితే గతుకులకు చక్రం మీద దెబ్బ పడుతుంది. లోపల పైదారాన్ని అందుకునే కొక్కెం ఒక్క వెంట్రుకవాసి కదిలినా కుట్లు వదిలేస్తుంది, మెకానిక్ దగ్గరికి పోక తప్పదు. పెడల్, ఎక్స్‌టెన్షన్ బోర్డు, కత్తెర, దూది తుడిచే బ్రష్షు అన్నీ కలిపితే ఇంకో కిలోన్నర. కొనేముందు తూచాల్సింది ఈ నిండు సంచినే. బోర్డు తీగ మూడు మీటర్లకు తగ్గకుండా చూసుకోవాలి. చాలా హాళ్ళలో ప్లగ్గు బల్లలకు దూరంగా ఉంటుంది, తీగను నడిచే దారిలో వదలకుండా బల్లకాలికి కట్టేయాలి.