పక్కింటి బీగం వెనక మా కరెంటు మీటరు

తిరుపతి కొర్లగుంటలో మాది పాత ఇల్లు. మా నాయన, చిన్నాయన భాగాలు పంచుకుని మధ్యలో గోడ కట్టుకున్నారు గానీ మీటర్లు రెండూ చిన్నాయన వైపు మెట్ల కిందే ఉండిపోయాయి. తర్వాత ఆ భాగం అమ్ముడుపోయింది, కొన్నవాళ్లు మెట్ల దగ్గర ఇనుప గ్రిల్లు పెట్టి బీగం వేసుకున్నారు. అప్పట్నుంచి ఫ్యూజు పోయినా, రీడింగు తీసే మనిషి వచ్చినా వాళ్లు తీస్తేనే.

ఈ ఎండాకాలం మా మీటరు డిస్‌ప్లే పూర్తిగా పోయింది. బిల్లు పాత నెలల సగటు మీద వస్తోంది, లైట్లు కొట్టుకుంటున్నాయి, గ్రిల్లు సందులోంచి టార్చి వేసి చూస్తే వైర్లు బిగించే చోట ప్లాస్టిక్ మాడి నల్లగా ఉంది. అసలే రోహిణి కార్తె, ఇంట్లో ముసలి అమ్మ, పైగా ఎక్కడ నిప్పు అంటుకుంటుందో అని టెన్షన్. 1912కి ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు తీసుకున్నాను. లైన్‌మన్ వచ్చాడు, బీగం చూసి ఆగిపోయాడు. పక్కింటాయన్ను అడిగితే "బీగాలు మావాడి దగ్గరుండాయి, బెంగళూరు నుంచి వచ్చినాక చూస్తాంలేన్నా" అన్నాడు. మళ్లీ అడిగితే ఇంకో మాట. రెండిళ్ల మధ్య కాలువ గురించి ఆయనకు మామీద కోపం ఉంది, ఉంటే ఉండనీ, దాన్ని కరెంటు మీద తీర్చుకోవడం అన్యాయం.

ఇలాంటప్పుడు పక్కింటివాళ్లను బతిమాలుతూ కూర్చోవద్దు, ఆ మాట డిపార్టుమెంటు చేతనే చెప్పించాలి. సర్వీసు నంబరు, ఫిర్యాదు నంబరు, మాడిన చోటు ఫొటో, లోపలికి రానివ్వడం లేదన్న సంగతి అన్నీ రాసి కరెంటు ఆఫీసులో ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు) గారికి ఇచ్చాను. 2020 విద్యుత్ వినియోగదారుల హక్కుల నిబంధనల ప్రకారం పట్టణాల్లో పాడైన మీటరు మార్చడానికి గడువు 24 గంటలు మించకూడదు, అదీ రాశాను. కాపీ మీద స్టాంపు వేయించుకోవడం మాత్రం మరిచిపోవద్దు. ఆయన స్వయంగా వచ్చి, 2003 విద్యుత్ చట్టం 163వ సెక్షన్ ప్రకారం సిబ్బందిని లోపలికి రానివ్వకపోతే నోటీసిచ్చి 24 గంటలు దాటాక మీ సర్వీసే కట్ చేయొచ్చని పక్కింటాయనకు నిదానంగా చెప్పారు. ఆయన మీటరు కూడా ఆ గ్రిల్లు వెనకే ఉంది కదా. సాయంత్రానికి బీగం తీశాడు.

స్తంభం దగ్గర సప్లై ఆపి మీటరు మార్చడం ఎంతోసేపు పట్టలేదు. పాత మీటరు నంబరు, కొత్తదాని నంబరు, మొదటి రీడింగు రాసిన కాగితం అడిగి తీసుకున్నాను, సీలు వేశాక ఫొటో కూడా తీసుకున్నాను.

కానీ బీగం మళ్లీ వాళ్ల చేతిలోనే. అందుకని మీటరును రోడ్డు వైపు మా గోడకు మార్చమని వేరే దరఖాస్తు పెట్టి, వాళ్లు చెప్పిన డబ్బు కట్టాను. ఇప్పుడు సర్వీసు వైరు స్తంభం నుంచి నేరుగా మా ఇంటికే వస్తోంది, పక్కింటి మిద్దె మీదుగా కాదు. ఎర్తింగు, లోపలి వైరింగు మా ఎలక్ట్రీషియన్ చేత చేయించుకున్నాను. సగటు మీద వేసిన బిల్లులు సరిచేయమని పెట్టిన అర్జీ ఇంకా నడుస్తోంది.