ఆప్‌కోడ్‌లన్నిటికీ ఒకే పట్టిక: నా ఇంటర్‌ప్రెటర్ పని ఎంతవరకు వచ్చిందంటే

సి భాషలో నేను రాసుకుంటున్న చిన్న ఇంటర్‌ప్రెటర్‌లో (ప్రోగ్రాములను నడిపే ప్రోగ్రాము) ఒక్కో ఆప్‌కోడ్ (ఏ పని చేయాలో చెప్పే ఆదేశ సంఖ్య) వివరం నాలుగు చోట్ల ఉండేది: ప్రోగ్రామును బైట్‌కోడ్‌గా, అంటే ఈ ఆదేశాల వరుసగా, మార్చే కంపైలర్, ఆ బైట్‌కోడ్‌ను నడిపే స్విచ్, దాన్ని చదవగలిగేలా తెరమీద చూపే డిసెంబ్లర్, స్టాక్ (లెక్కలో విలువలను తాత్కాలికంగా పేర్చే చోటు) లోతును లెక్కగట్టే ఫంక్షన్. కిందటి నెల రెండు బైట్ల ఒపరాండ్ (ఆప్‌కోడ్ వెంట వచ్చే విలువ) ఉన్న ఆప్‌కోడ్ ఒకటి చేర్చి, డిసెంబ్లర్‌లో దాని పొడవు మార్చడం మరిచిపోయాను. అక్కడి నుంచి తెరమీద కనిపించిన ప్రతి వరుసా తప్పే. లోపం కంపైలర్‌లో ఉందనుకుని రెండు రాత్రులు అక్కడే వెతికాను. ఆ నాలుగింటినీ ఒక చోటికి తేవాలని అప్పుడే నిశ్చయించుకున్నాను.

ఇప్పుడు హెడర్ ఫైలు ఒక్కటే. ఒక్కో ఆప్‌కోడ్‌కు ఒక్కో వరుస: పేరు, ఒపరాండ్ రకం, స్టాక్ నుంచి ఎన్ని విలువలు తీస్తుంది, ఎన్ని పెడుతుంది. ప్రతి వరుసా ఒక మాక్రో (కంపైల్ కాకముందే వేరే కోడ్‌గా మారే పేరు) పిలుపు. ఆ మాక్రోకు ఎక్కడికక్కడ వేరే నిర్వచనం ఇచ్చి అదే ఫైలును కలుపుకొంటున్నాను. స్విచ్ స్థానంలో జీసీసీ (నేను వాడే సి కంపైలర్) ఇచ్చే లేబుల్ (కోడ్‌లో ఒక చోటికి పెట్టిన పేరు) చిరునామాల పట్టిక వచ్చింది, అదీ ఇందులోంచే పుడుతుంది. ఏదైనా ఆప్‌కోడ్‌కు కోడ్ రాయకపోతే లేబుల్ లేదని జీసీసీ అక్కడే ఆపేస్తుంది. ఈ పనంతటిలో నాకు అన్నిటికన్నా తృప్తినిచ్చింది ఇదే. ఫంక్షన్ పిలుపు ఒక్కటి పట్టికలో ఇమడలేదు. అది ఎన్ని విలువలు తీస్తుందో ఆర్గ్యుమెంట్ల సంఖ్యను బట్టి మారుతుంది కాబట్టి అక్కడ -1 గుర్తు పెట్టి, లెక్క విడిగా చేస్తున్నాను.

తర్వాత పొడవుల సంగతి. పైథాన్ 3.6లో చేసినట్టే ప్రతి ఆదేశాన్నీ రెండు బైట్లకు స్థిరపరిచాను: ఒకటి ఆప్‌కోడ్, ఒకటి ఒపరాండ్. ఒపరాండ్ 255 దాటితే ముందు ఒక పొడిగింపు ఆదేశం వస్తుంది. స్థిరాంకాల (ప్రోగ్రాములో రాసిన మారని విలువల) పట్టికలో 300వ స్థిరాంకం కావాలంటే పొడిగింపులో 1, అసలు ఆదేశంలో 44 ఉంటాయి (256 + 44).

అసలు చిక్కు జంప్‌ల (వేరే చోటికి దూకమని చెప్పే ఆదేశాల) దగ్గర వచ్చింది. పరీక్షకు రాసిన ఒక లూప్ మొదటి చుట్టు సరిగ్గా నడిచి, రెండో చుట్టులో తప్పు విలువతో పోల్చేది. లూప్ షరతు 300వ స్థిరాంకంతోనే మొదలవుతుంది. వెనక్కి దూకే జంప్ పొడిగింపు మీద కాకుండా దాని తర్వాతి ఆదేశం మీద దిగుతోంది. పొడిగింపు ఇవ్వాల్సిన పై బైటు సున్నా కావడంతో రెండో చుట్టు నుంచి 44వ స్థిరాంకం వచ్చేది. జంప్ గమ్యం ఎప్పుడూ పొడిగింపు మొదలే కావాలి.

ఇంకొకటి. ఒక జంప్ దూరం 255 దాటి దానికి పొడిగింపు వస్తే, దాన్ని దాటుకుని దూకే మిగతా జంప్‌ల దూరాలూ పెరుగుతాయి. అందుకే ఏ పొడవూ మారనంతవరకు లెక్కను మళ్లీ మళ్లీ చేస్తున్నాను. ఒకసారి పెరిగిన పొడవును తగ్గనివ్వను. లేకపోతే రెండు జంప్‌లు ఒకదాన్నొకటి మార్చుకుంటూ లెక్క ఎప్పటికీ తేలకపోవచ్చు. పరీక్షల్లో ఇప్పటిదాకా మూడు విడతలకు మించి పట్టలేదు.

వేగం ఇంకా కొలవలేదు, ఈ విడతలో అది నా లక్ష్యం కాదు. దోష సందేశాల్లో వరుస సంఖ్యలు చూపే పట్టిక మాత్రం పొడిగింపులు చేరకముందు నాటి స్థానాలతోనే ఉంది. అందువల్ల పెద్ద ఫంక్షన్లలో దోషం పక్క వరుసలో ఉన్నట్టు కనిపిస్తోంది. వచ్చే ఆదివారం దాన్ని జంప్‌ల లెక్క ముగిశాక కట్టేలా మారుస్తాను.