ఒకే ట్రేలో రాత్రి వంట: ఇప్పటిదాకా కుదిరినవి

పనిరోజుల్లో రాత్రి వంట ఓవెన్‌కి అప్పగించేద్దామని మొదలుపెట్టిన ప్రయోగం ఒక దారిలో పడింది. ఇప్పుడు రెసిపీలు వెతకడం దాదాపు మానేశాను. దేనికి ఎంత టైం పడుతుందో తెలిస్తే చాలు, ట్రేలో ఏది ముందు పడాలో ఏది తర్వాతో తేలిపోతుంది.

ప్రస్తుతం నేను వాడుతున్న లెక్క ఇది. ఓవెన్ 220 డిగ్రీల సెల్సియస్, ట్రే మధ్య అరలో. అంగుళం సైజు బంగాళదుంప ముక్కలకి 35 నుంచి 40 నిమిషాలు, క్యారెట్‌కి అరగంట, కాలీఫ్లవర్‌కి పాతిక. బ్రకోలీ, క్యాప్సికం పావుగంట, ఇరవై నిమిషాల్లో అయిపోతాయి. అందుకే దుంపలు ముందు లోపలికి వెళ్తాయి, మిగతావి వాటి వాటి టైంని బట్టి తర్వాత వచ్చి చేరతాయి. ఫ్యాన్ ఉన్న ఓవెన్ అయితే 20 డిగ్రీలు తగ్గించుకోవాలి.

ఈ పద్ధతికి బాగా కలిసొచ్చేది ఎముకతో ఉన్న చికెన్ తొడ ముక్కలు. దుంపలకి పట్టే టైమే వాటికీ పడుతుంది, కారిన కొవ్వు దుంపలకే పడుతుంది, వేరే నూనె పెద్దగా అక్కర్లేదు. బ్రెస్ట్ ముక్కని అంతసేపు ఉంచితే పీచులా ఎండిపోతుంది, దాన్ని ఆలస్యంగా పెట్టాల్సిందే. ఉడికిందో లేదో రంగు చూసి చెప్పలేం. థర్మామీటర్‌ని ఎముకకి తగలకుండా మందంగా ఉన్న చోట గుచ్చితే 74 డిగ్రీలు చూపించాలి. తొడ ముక్క 80 దాటినా ఇంకా మెత్తబడుతుందే గాని చెడదు.

ఈ వారం ఎక్కువగా పట్టించుకున్నది తడి సంగతి. ఒకే కాలీఫ్లవర్‌ని రెండు భాగాలు చేశాను. ఒక భాగాన్ని గుడ్డతో తుడిచి, కోసిన వైపు ట్రేకి ఆనేలా ఎడంగా పరిచాను. రెండోది కడిగిన తడితోనే అదే ట్రేలో ఓ మూల కుప్పగా పోశాను. పాతిక నిమిషాలకి మొదటి భాగం అంచులు ముదురు గోధుమరంగుకి తిరిగి కరకరలాడుతున్నాయి. కుప్ప మాత్రం తెల్లగా, మెత్తగా, ఉడకబెట్టినట్టే ఉంది. కారణం తేలికే. పైన నీళ్లున్నంతసేపు ముక్క 100 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది. ఎర్రబడటం ఊపందుకునేది 140 డిగ్రీల దగ్గర. ముక్కలు ఇరుక్కుంటే ఆవిరికి దారుండదు. ట్రే చాలకపోతే కూర తగ్గించుకోవాలి, లేదా రెండో ట్రే తీయాలి. ఇందులో మొహమాటం పనికిరాదు.

ఖాళీ ట్రేని ఓవెన్‌తోపాటే వేడి చేసి దుంపలు వేస్తే చుయ్‌మని శబ్దం వస్తుంది, అడుగు త్వరగా రంగు తిరుగుతుంది. పల్చటి ట్రేలు మాత్రం ఈ వేడికి టప్‌మని వంగుతాయి. కాస్త మందపాటిది కొనుక్కోవడం మేలు.

మాంసం వద్దనుకున్న రోజు ఉడికిన కాబూలీ శనగలు. బాగా ఆరబెట్టి, నూనె పట్టించి, కాలీఫ్లవర్ పక్కన పోస్తే పాతిక నిమిషాల్లో పైన కరకర, లోపల మెత్తన. చేప అయితే ఇంకా తేలిక. కూరగాయలు దాదాపు అయ్యాక 200కి తగ్గించి ఫిల్లెట్లు పెడితే 12 నుంచి 15 నిమిషాలు.

నూనె ట్రేకి రెండు టేబుల్‌స్పూన్లు చాలు, కాకపోతే ట్రేలో పోసి వదిలేయకుండా గిన్నెలో ముక్కలకి పట్టించాలి. సన్నగా తరిగిన వెల్లుల్లి, తేనె ముందే వేస్తే మాడి చేదెక్కుతాయి, చివరి పది నిమిషాల్లోనే వేస్తున్నాను. నిమ్మరసం బయటికి తీశాకే.

బేకింగ్ పేపర్ వేస్తే కడిగే పని తగ్గుతుంది గానీ అడుగు అంత ఎర్రగా రాదు. పైగా అది ఎంత వేడి తట్టుకుంటుందో ప్యాకెట్ మీద చూసుకోవాలి. దుంపలున్న రోజు నేను పేపర్ వేయను. ట్రే వేడి కాస్త తగ్గాక వేడినీళ్లు పోసి వదిలేస్తే, తినడం అయ్యేలోపు అంటుకున్నదంతా ఊడొస్తుంది.

తర్వాత చూడాల్సింది ఒకేసారి రెండు ట్రేలు. సగంలో పైది కిందికి, కిందిది పైకి మార్చాలి. అదనంగా ఎన్ని నిమిషాలు పడుతుందో వచ్చే వారం రాస్తాను.