శ్లాబు రోజు ఉదయం జరిగినది

ఆ రోజు ఉదయం 6 గంటలకే కాంక్రీటు కలిపే మిల్లరు వచ్చింది. కంకర, ఇసుక, సిమెంటు బస్తాలు దిగి ఉన్నాయి, పాతిక మంది కూలీలు తట్టలతో సిద్ధంగా ఉన్నారు. పైకెక్కి చూస్తే ఇనుము కట్టడమంతా పూర్తయి ఉంది గానీ, అందులో కరెంటు పైపులు లేవు. అడుగు జాలీ, అంటే కింది వరుస ఊచల అల్లిక, కట్టగానే, పై ఊచలు పడకముందే ఎలక్ట్రీషియన్ వచ్చి పైపులు పరచాలి. ఆ సంగతి అతనికి కబురు చేయవలసినవాడిని నేనే, చేయలేదు. అతను వచ్చి, కట్టిన ఊచల సందుల్లో పైపులు దూర్చి, ఫ్యాను బాక్సులు బిగించేసరికి 11 దాటింది. అంతసేపూ కూలీలు నీడన కూర్చున్నారు, రోజు కూలి మాత్రం పూర్తిగా ఇచ్చాము.

నా దగ్గర ప్రణాళిక లేక కాదు. సెంట్రింగు (కాంక్రీటును మోసే కింది అచ్చు), ఇనుము, పైపులు, కాంక్రీటు అన్న వరుస నాకు కంఠతా వచ్చు. లేనిదల్లా కాలపట్టిక, అంటే ఆ వరుసలోని ప్రతి పనికీ ఒక తేదీ, ఒక మనిషి.

1957లో అమెరికాలోని డ్యూపాంట్ కంపెనీ, రెమింగ్టన్ రాండ్ సంస్థతో కలిసి రూపొందించిన క్రిటికల్ పాత్ పద్ధతి ఈ విషయాన్నే లెక్కగా చూపుతుంది: కొన్ని పనులు ఒక్కరోజు ఆలస్యమైతే మొత్తం కట్టడమే ఒకరోజు వెనక్కి పోతుంది, మరికొన్నింటికి వెసులుబాటు ఉంటుంది. గేటు నాలుగు రోజులు ఆలస్యమైనా శ్లాబు ఆగదు, పైపులు రాకపోతే ఆగుతుంది. నిర్వాహకుడి శ్రద్ధ ముందుగా ఇలాంటి పనుల మీదే ఉండాలని నా గట్టి నమ్మకం.

కాంక్రీటు పోశాక మనం తొందరపెట్టలేని కాలం ఒకటుంది. సాధారణ పోర్ట్‌ల్యాండ్ సిమెంటు వాడినప్పుడు శ్లాబును కింద నుంచి మోసే పోటీలను (నిలువు గుంజలను), ఆధారాల మధ్య దూరం 4.5 మీటర్ల వరకు ఉంటే కనీసం 7 రోజులు, అంతకు మించితే 14 రోజులు ఉంచాలని కాంక్రీటు పనులకు సంబంధించిన భారత ప్రమాణం ఐఎస్ 456 చెబుతోంది. ఆ పోటీలు ఉన్నంతకాలం కింది గదుల్లో ప్లాస్టరింగు సాగదు కనుక, ఆ పని చేసే మేస్త్రిని ఏ వారం రమ్మనాలో శ్లాబు పోయకముందే తేల్చుకోవాలి.

తరువాతి శ్లాబుకు, పోసే రోజు నుంచి వెనక్కి లెక్కపెట్టుకుంటూ నోటుపుస్తకంలో రాసుకున్నాను. ఎలక్ట్రీషియన్ పేరు ఎదురుగా “సోమవారం, అడుగు జాలీ అవగానే, ఆదివారం సాయంత్రం ఫోను చేయాలి” అని ఉంది. ఆదివారం సాయంత్రం ఫోను చేశాను. మంగళవారం ఉదయం 7 గంటలకు మొదటి తట్ట పైకి వెళ్లింది.