కావలి బెంజికి మళ్లీ ప్రాణమొచ్చింది
కావలిలో వేపచెట్టు కింద ఆరేళ్లు కదలకుండా పడున్న 1996 మోడల్ బెంజ్ ఈ250 డీజిల్ కొని నెల్లూరు తెచ్చుకున్నాను. పుణెలో 1995 నుంచి తయారైన డబ్ల్యూ124 రకం, ఐదు సిలిండర్ల ఇంజన్. ట్యాంకు కడిగి, ఫిల్టర్లు, బ్యాటరీ మారిస్తే స్టార్టయింది, ఆ రోజు సంతోషంతో అన్నం కూడా సహించలేదు.

అసలు టెన్షన్ తుప్పుతోనే. సముద్రపు గాలి కదా, జాకీ పెట్టే చోట స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే లోపలికి దిగిపోయింది. కోసేసి కొత్త రేకు వెల్డింగ్ చేయించాను.

దీనికి ఒకటే వైపర్. అద్దం మూలలకొచ్చేసరికి చెయ్యి చాచినట్టు పొడవవుతుంది, నడిమధ్యలో మళ్లీ లోపలికి ముడుచుకుంటుంది, అందుకే ఒక్కటే అయినా అద్దంలో 86 శాతం తుడుస్తుంది. పాత గ్రీజు ముదురుపాకంలా బిగుసుకుపోయి అది కదల్లేదు. మామూలు వైపర్లు రెండు పెట్టేద్దామని మా తమ్ముడంటే, ఎలక్ట్రీషియన్ అన్న "మార్చబాకయ్యా, దీని అందమే అది" అన్నాడు. విప్పి, కిరోసిన్‌తో కడిగి, కొత్త గ్రీజు పెట్టి రెండు ఆదివారాలు కూర్చున్నాం. ఆడింది!

నేను చేసిన మార్పు హెడ్‌లైట్లకు రిలేలు, అంటే చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్‌లు. కరెంటు పాత స్విచ్ గుండా తిరక్కుండా బ్యాటరీ నుంచి నేరుగా బల్బుకు పోతుంది, వెలుగు బాగా పెరిగింది. సీట్ల పని సంక్రాంతి తర్వాత.