వాఖౌ కొండ మీద నాలుగు కాళ్ల నడక

మోకాలికి రాసిన మందు ఇంకా ఆరలేదు. నా కోపమూ అంతే. నిన్న ఆదివారం మా బావమరిది "చిన్న షికారు బావా, గుండ్రంగా తిరిగి బయలుదేరిన చోటికే వచ్చేస్తాము" అని చెప్పి నన్ను వాఖౌ లోయకు తీసుకెళ్లాడు. బయలుదేరిన చోటికే వచ్చిన మాట నిజం. ఎలా వచ్చానన్నదే చెప్పుకోవలసిన సంగతి.

వాఖౌ అంటే ఆస్ట్రియాలో మెల్క్, క్రెమ్స్ ఊళ్ల మధ్య డాన్యూబ్ నది కొండలను ఒరుసుకుంటూ పారే సుమారు 35 కిలోమీటర్ల లోయ. 2000లో యునెస్కో దీన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. వియన్నా నుంచి క్రెమ్స్‌కు రైలు, అక్కడి నుంచి డ్యూర్న్‌ష్టైన్ అనే ఊరికి బస్సు. అంతవరకు పెళ్లివారిలా కూర్చుని వెళ్లాము.

ఊరు దాటగానే ద్రాక్షతోటలు. కొండవాలును మెట్లు మెట్లుగా కోసి, ఒక్కో మెట్టుకూ రాతిగోడ కట్టారు. గోడలో సున్నం లేదు, సిమెంటు లేదు. రాయి మీద రాయి పేర్చారు, అంతే. వందల ఏళ్లుగా వానకు, మంచుకు అవి అలాగే నిలబడి ఉన్నాయి. గూడూరులో మా ఇంటి ప్రహరీ బస్తాలకు బస్తాలు సిమెంటు మింగి కూడా రెండో వానాకాలానికి పక్కింటి జామచెట్టు మీదకు ఒరిగింది. ఆ మేస్త్రీని ఒక్కసారి ఇక్కడికి తీసుకొచ్చి ఈ గోడల ముందు నిలబెట్టాలని ఉంది. ఇప్పుడు కోతల కాలం. ఈ వాలులోకి యంత్రాలు రాలేవు కాబట్టి మనుషులే కత్తెరలతో గుత్తులు కోసి బకెట్లలో వేస్తున్నారు. పైమెట్ల మీద రీస్లింగ్ రకం, కింద మెత్తటి నేలలో గ్రూనర్ వెల్ట్‌లినర్ రకం ఎక్కువగా పండిస్తారు.

ఆ తోటలు దాటాక ఫోగెల్‌బెర్గ్‌ష్టైగ్ అనే కొండదారి మొదలవుతుంది. ఫోగెల్‌బెర్గ్ అంటే పక్షుల కొండ. పేరులోనే హెచ్చరిక ఉంది, నేను గ్రహించలేదు. పైగా "అలిపిరి నుంచి 3550 మెట్లు నాలుగుసార్లు ఎక్కినవాణ్ణి, నాకా కొండలు చూపిస్తావు" అని దారి పొడవునా బావమరిదికి చెబుతూనే ఉన్నాను. మెట్టు అనేది మనిషి మీద జాలితో కట్టినదని నాకు తెలిసేసరికి ఆలస్యమైంది.

ఒకచోట దారి ఆగిపోయి, వాలుగా పరుచుకున్న పెద్ద బండ ఎదురైంది. పట్టుకోవడానికి ఇనుప తాడు ఒకటి బిగించారు. రాయి మా గూడూరు అభ్రకంలా తళతళలాడుతోంది. నా కాళ్లకున్నవేమో రోజూ ఆఫీసుకు వేసుకెళ్లి అరగదీసిన బూట్లు. మూడడుగులు వేశాను. నాలుగో అడుగుకు ఎడమకాలు జారింది, మోకాలు బండకు కొట్టుకుంది, ప్యాంటు చిరిగింది. రెండు చేతులతో ఆ తాడును కావలించుకుని ఉండిపోయాను. పైకి పోలేను, కిందకి రాలేను. కిందకి చూస్తే చెట్ల మధ్య నుంచి డాన్యూబ్ వెండి జరీలా మెరుస్తోంది. అంత అందం ఆ సమయంలో నాకు అవసరం లేదు. పక్క రాతి మీద పచ్చటి బల్లి ఒకటి ఎండ కాచుకుంటూ నన్నే చూస్తోంది. ఇక్కడి మేలురకం వైన్‌కు స్మారాగ్డ్ అని ఆ బల్లి పేరే పెట్టారు. దానికున్న గౌరవం కూడా నాకు లేకపోయింది.

పైనుంచి బావమరిది "ఇటు చూడు బావా!" అన్నాడు. చేయి అందిస్తాడేమో అనుకున్నాను. ఫోను పట్టుకుని వీడియో తీస్తున్నాడు.

నా వెనుక ఐదారుగురు పోగయ్యారు. వారిలోంచి డెబ్బై ఏళ్లు దాటిన పెద్దావిడ ఒకరు "గ్రూస్ గాట్" అని పలకరించి ముందుకొచ్చారు. చేతికర్రలు రెండూ చంకలో ఇరికించుకుని, నా చీలమండ పట్టుకుని, బండలో బొటనవేలు పట్టేంత నొక్కులో నా పాదాన్ని పెట్టారు. ఆ తరువాత రెండో పాదం. "లాంగ్‌జామ్, లాంగ్‌జామ్" అంటున్నారు, మెల్లగా అని. అక్షరాభ్యాసంలో పిల్లవాడి చేయి పట్టి దిద్దించినట్టు ఆ బండంతా నా కాళ్లతో దిద్దించారు. పైకి చేరాక ఇంగ్లీషులో, వచ్చీరాని జర్మన్‌లో, చివరికి తెలుగులో కూడా కృతజ్ఞతలు చెప్పాను. ఆవిడ చేయి ఊపి నాకంటే ముందే వెళ్లిపోయారు.

ఫెస్ల్‌హ్యూట్టె అనే కొండమీది విడిది దగ్గర కాసేపు కూలబడి, పాత కోట మీదుగా దిగాము. సింహహృదయుడని పేరున్న ఇంగ్లండ్ రాజు రిచర్డ్‌ను 1192లో వియన్నా దగ్గర పట్టుకుని, తెచ్చి బంధించింది ఇక్కడే. అంతకు ముందటి ఏడాది క్రూసేడు యుద్ధంలో, ఏకర్ నగర ముట్టడి సమయంలో, రిచర్డ్ తన జెండాను కిందపడేయించాడని ఆస్ట్రియా డ్యూక్ లియోపోల్డ్‌కు పగ. కోటను 1645లో స్వీడన్ సేనలు పేల్చేశాయి. సింహహృదయుడే బండ్లకొద్దీ వెండి ఇచ్చుకుని బయటపడ్డాడు. నన్ను ఒక పెద్దావిడ ఉచితంగా బయటపడేస్తే బావమరిది అంత నవ్వడం ఎందుకో!

వెళ్లదలచినవారు అడుగున గాడులున్న బూట్లు వేసుకోండి. ఆ బండను ఎక్కేటప్పుడే దాటండి, దిగే దారిగా పెట్టుకోవద్దు. కోట చాలనుకుంటే ఊళ్లోంచి తిన్నగా ఎక్కి వచ్చేయవచ్చు. గుమ్మానికి ఆకుల కొమ్మ వేలాడుతుంటే ఆ ఇంట్లో సొంత వైన్ పోస్తున్నారని అర్థం. మేము వెళ్లిన చోట కార్డు తీసుకోలేదు, జేబులో నోట్లు ఉంచుకోండి. వీడియో తీసే బావమరిదిని ఇంటి దగ్గరే ఉంచండి.

అక్కడ గ్లాసు ముందు కూర్చున్నానో లేదో, అత్తగారి ఫోను. "అల్లుడుగారూ, దెబ్బలేమీ తగల్లేదు కదా? ఆ మహాతల్లికి మా నమస్కారం చెప్పారా?" అని అడిగారు. వీడియో అప్పటికే కుటుంబ గ్రూపులో ఉంది. దాని కింద చేతులు జోడించిన బొమ్మలు ముప్పై ఒకటి. అన్నీ ఆవిడకే.