వాగు అవతల పెద్దబాపు భూమి

పోయిన ఆగస్టుల మా ఫ్రెండ్ ఒకడు "అన్నా, మా పెద్దబాపును చూసి రావాలె, వస్తవా" అన్నడు, ఆదివారమే కదా, పొద్దుగూకేవరకు వచ్చేస్తం అనుకొని హన్మకొండల బండి తీసినం. ములుగు, పస్రా, తాడ్వాయి, అంతా మేడారం జాతరకు పోయే దారే, పస్రాల చాయ్ తాగినం, అడవిల వాన తగిలింది, ఇంక రాసేంత ఏం లేదు.

ఊరి పేరు రాస్తలేను. కింద భూముల ముచ్చట వస్తది, వాళ్లకు లేనిపోని లొల్లి ఎందుకు. ఏటూరునాగారం మండలం, జంపన్నవాగు అవతల, గంతే అనుకోండి. మ్యాప్‌ల చూస్తే అది ద్వీపం కాదు, కానీ వానాకాలం ముందట వాగు, వెనక ఒర్రెలు, అడవి, ఇగ ఎటు పోతరు. ఎండాకాలమైతే ట్రాక్టర్ వాగుల నుంచే దాటుతదట, మేడారంల జాతరప్పుడు మనం మునిగేది ఈ వాగులనే, అప్పుడు నీళ్లు సరిపోక లక్నవరం నుంచి వదులుతరు కూడ. నేను నాలుగుసార్లు మునిగిన వాగు, ఆరోజు చూస్తే గుర్తు పట్టలే. ఎర్రగ, వెడల్పుగ, చప్పుడు లేకుండ పోతున్నది.

పడవ నడిపేటాయన అవతలి ఒడ్డున అన్నం తింటున్నడు, కేకేస్తే చెయ్యి ఊపి మళ్ల తిన్నడు, అరగంట నిలబడ్డం. పడవల మాతోని రెండు యూరియా బస్తాలు, ఒక గ్యాస్ సిలిండర్, దవాఖాన నుంచి వస్తున్న బాలింత, ఆమె ఒళ్లె పసిగుడ్డు, పక్కన ఆశా వర్కర్. అడుగున నీళ్లు ఊరుతుంటే ఒక పిలగాడు స్టీల్ గిన్నెతో తోడి పోస్తనే ఉన్నడు. నాకు ఈత రాదు, నేను అంచు గట్టిగ పట్టుకొని కూసున్న, ఆ బాలింత మాత్రం సిగ్నల్ పోకముందే ఇంటికి ఫోన్ చేసి కూర ఏం వండిన్రని అడుగుతున్నది.

ఊర్లె సగం ఇండ్లకు పిల్లర్లు లేచి ఉన్నయ్, స్లాబ్ లేదు. ఎందుకంటే సిమెంటు, సీకు అన్నీ ఎండాకాలం ట్రాక్టర్ దాటినప్పుడే తెచ్చుకోవాలె, ఆ రెండు మూడు నెలల్ల పైసలు చేతుల ఉండాలె, మిర్చి అమ్మిన పైసలు వచ్చేసరికి వానలు ముంచుకొస్తయ్, ఇగ పని మళ్ల ఏడాదికి. ఇసుక మాత్రం కావల్సినంత. దాని ముచ్చటకే వస్తున్న.

పెద్దబాపుకు డెబ్బై దాటి ఉంటయ్. మమ్మల్ని కూసోనియ్యకుండనే "దా బిడ్డా, చేను చూపిస్త" అని తీస్కపోయిండు. వాగు ఒడ్డెంబడి పోతే ఒకచోట ఆగి కట్టెతో నేలను పొడిచి "గిదే" అన్నడు. అంతా ఇసుక. ఒక చెట్టు కొమ్మలు చేతికి అందే ఎత్తుల ఉంటే చిన్న చెట్టేమో అనుకున్న, కాదట, పెద్ద చెట్టే, మొదలు ఇసుకల కూరుకపోయింది. దాని కిందనే వీళ్లు సద్దులు తినేటోళ్లట.

అదంతా 2023 జూలై వరద. ఆ 24 గంటల్ల ఇదే జిల్లాల లక్ష్మీదేవిపేటల దాదాపు 65 సెంటీమీటర్ల వాన పడ్డది, తెలంగాణల ఎన్నడూ అంత పడలే. ఇదే మండలంల కొండాయిని జంపన్నవాగు ముంచేసింది, ఎనిమిది మంది కొట్టుకపోయిన్రు. ఆ ఊరి పేరు ఎత్తంగనే పెద్దబాపు మాట ఆపిండు, అక్కడ వాళ్లకు చుట్టరికాలున్నయట, నేను ఇంక అడుగలే.

ఈయన పాస్‌బుక్కుల ఉన్నది రెండెకరాల ఇరవై గుంటలు. దాంట్ల ముప్పావు ఎకరం ఇసుక మేట కింద ఉన్నది, ఇంకొంచెం ఒడ్డు కోసుకపోయి వాగులనే కలిసింది. పుస్తకంల మాత్రం గుంట తగ్గలే. రైతు పైసలు అంతటికీ పడుతయట, ఆయన నవ్వుకుంట "వాగు కూడ నా పేరు మీదనే ఉన్నది బిడ్డా" అన్నడు. మరి ఇసుక అమ్ముకోవచ్చు కద, హన్మకొండల ట్రాక్టర్ ఇసుకకు ఎంత రేటు అని నేనంటే, నీ చేన్ల ఇసుకైనా పర్మిషన్ లేకుంట ట్రిప్పు కొట్టరాదట, తీసి పక్కన పోద్దామంటే జేసీబీ కిరాయి భూమి రేటు కన్న ఎక్కువైతది, అసలు జేసీబీ ఎండాకాలం తప్ప రానే రాదు.

భూమి రేటు అనంగనే నా నోరు ఊకోలే. వాగు ఒడ్డు, ఎనక అడవి, మస్తు ప్లేస్, ఎకరం ఎంత పోతది అని అడిగిన. మా ఫ్రెండ్ నా భుజం మీద కొట్టి "నువ్వు కొనలేవన్నా, వన్ సెవెంటీ" అన్నడు. ఏజెన్సీల భూమి గిరిజనులు కానోళ్లకు అమ్మినా చెల్లదు, 1959 రెగ్యులేషన్‌కు 1970ల మార్పు తెచ్చిన్రు, అదే 1/70. గిరిజనులు కానోళ్లు ఇంకో గిరిజనేతరుడికి కూడ అమ్మరాదు. ఇది నాకు పేపర్ల చదివి తెలిసిందే, ఒక కోయ ఇంట్ల అతిథిగ పోయి వాళ్ల చేన్ల నిలబడి రేటు అడిగినంక గుర్తొచ్చింది. సిగ్గయింది, ఏం జేస్త.

పక్క ఇంటోళ్లు బీసీలు, తాత కాలంల తెల్లకాగితం మీద కొన్నరట, దున్నుకుంటనే ఉన్నరు, పాస్‌బుక్ లేదు, బ్యాంకు లోన్ లేదు, మేట పడ్డా రూపాయి రాలే. ఆ ఇంటి అక్క "మాకు భూమి ఉన్నది, కాయిదం లేదు, గా ఇంటోళ్లకు కాయిదం ఉన్నది, భూమి లేదు" అని పెద్దబాపును చూపించి నవ్వింది, ఆయన కూడ నవ్విండు. ఇద్దరిట్ల ఎవరిది న్యాయమో చెప్పుమంటే నేను చెప్పలేను, 1/70 లేకుంటే ఈ ఒడ్డున ఈపాటికి రిసార్టులు లేసేవి, అది మాత్రం గట్టిగ అనిపించింది. పెద్దబాపు తమ్ముడికి 2023ల పోడు పట్టా (అడవి భూమి దున్నుకుంటున్నోళ్లకు ఇచ్చేది) వచ్చింది, అది మెట్ట మీద, అడవి దిక్కు. వాగు దిక్కు నల్లమట్టి అని ఒకప్పుడు అందరు దాన్నే కోరుకున్నరట.

నాలుగింటికి బయల్దేరుదామంటే పడవాయన రానన్నడు, పైన అడవిల వాన పడ్డది, వాగు లేస్తున్నది. రాత్రి అక్కడనే పండినం. కరెంటు లేదు, మా ఇంటికి ఫోన్ చేద్దామంటే సిగ్నల్ కోసం నీళ్ల ట్యాంకు నిచ్చెన ఎక్కాల్సి వచ్చింది, మా ఆమె "ఏ ద్వీపంల ఉన్నవ్" అని ఎటకారం చేసింది, నిజమే చెప్పిన, నమ్మలే.

నూనె దీపం కాడ పెద్దబాపు దూలానికి వేలాడేసిన ఒక ప్లాస్టిక్ బకెట్ దించిండు. దాంట్ల పాలిథిన్ కవర్, దాంట్ల ఇంకో కవర్, దాంట్ల పాస్‌బుక్, ఆధార్లు, ఒక పాత శిస్తు రశీదు. వరదప్పుడు ఈ బకెట్ మెడకేసుకొని మిద్దె ఎక్కిండట. అయినా పుస్తకం కింది మూలకు మట్టిగీత, సర్వే నంబర్ కాడ సిరా పారి 3 ఉన్నదో 8 ఉన్నదో తెలుస్తలే. భూమి రికార్డులకు ధరణి పోర్టల్ పోయి భూభారతి వచ్చింది కద, ఆన్‌లైన్ల ఉంటది పెద్దబాపు అన్న. "ఉంటది బిడ్డా, ఈడ సిగ్నల్ ఉంటదా?" అన్నడు, అని పేజీలు ఒక్కొక్కటి తిప్పుకుంట దీపం దగ్గరికి జరిపిండు, "నీ ఫోన్ల ఫోటో కొట్టుకో, నువ్వు హన్మకొండల గడ్డ మీద ఉంటవ్."

పదకొండు ఫోటోలు. తెల్లారి వాగు తగ్గినంక వచ్చినం. మొన్న ఫోన్ల స్టోరేజ్ నిండిందని మా బిడ్డ అన్నీ తీసేసుకుంట "నాన్నా, ఈ మట్టి పుస్తకం ఎవరిది, డిలీట్ చెయ్యాల్నా" అని అడిగింది, వద్దన్న.